ఇంటి ఒప్పుకోలు కాగితం

"మీ చెయ్యి పడితేనే ఏ పనికైనా కళ వస్తుంది మేడమ్" అని పొద్దున్నే పెద్ద సార్ మెచ్చుకున్నాడు. అంటే హాల్లో ఉన్న నూట యాభై కుర్చీలూ ఆమే తుడిపించాలని, తుడిచేవాళ్ళు రాకపోతే ఆమే తుడవాలని అర్థం. వాళ్ళు రాలేదు. ఎప్పుడొచ్చారు కనుక!

యూనివర్సిటీలో సైన్స్ రోజు వచ్చిందంటే డిపార్ట్‌మెంటులో మగ లెక్చరర్ల మెడలో బ్యాడ్జీలు, ఆమె చేతిలో గుడ్డ. పదమూడేళ్ళుగా ఇదే వరస. ఆహ్వానాలు రాసేది ఆమె, పిల్లల పోస్టర్లలో తప్పులు దిద్దేది ఆమె, అతిథులకు టీలు అందాయో లేదో చూసేది ఆమె. బ్యానరు మీద పేరు మాత్రం పెద్ద సార్‌ది, ఆయన డిపార్ట్‌మెంటుకు హెడ్డు కాబట్టి. ఇంట్లో మాత్రం ఏం తక్కువని! ఐదింటికి లేచి వంట, అత్తగారి మందులు, పిల్లాడి స్కూలు బట్టలు. అన్నీ ముగించి బ్యాగు తగిలించుకుంటుంటే పేపరులోంచి తలెత్తకుండా మొగుడు అంటాడు, "నీకేమమ్మా, హాయిగా కాలేజీకి పోయి కూర్చుంటావు." దానికి అత్తగారి వంత, "వాడు మంచోడు కాబట్టి పంపిస్తున్నాడు." పంపిస్తున్నాడట! తన చదువుతో తను తెచ్చుకున్న ఉద్యోగానికి తన కాళ్ళతో తను నడిచి వెళ్తుంటే, మధ్యలో అతను పంపించేదేమిటి? ఒళ్ళు మండుతుంది. మండితే మాత్రం ఏం చేస్తుంది, బస్సు వెళ్ళిపోతుందని గబగబా మెట్లు దిగుతుంది.

సాయంత్రం నాలుగింటికి వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఎంపికైన పేరు వేదిక మీద చదవాలి. వేరే ఊళ్ళో నీటి పరిశోధన సంస్థలో రెండు నెలలు. డిపార్ట్‌మెంటు మొత్తానికి ఒక్కటే సీటు. దానికి పెట్టిన పరీక్షలో మైక్రోస్కోపు పిల్ల మొదట వచ్చింది. ల్యాబుకు తాళం వేస్తున్నామన్నా కన్ను పక్కకు తిప్పదని తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. హాస్టలు నీళ్ళ ట్యాంకులో నాచు ఎందుకు పడుతోందో కనిపెట్టాలని మూడు నెలలు రోజూ చుక్కచుక్కా పరీక్షించి రాసుకున్న పిల్ల అది.

మధ్యాహ్నం ఆ పిల్ల సంతకం లేని ఒప్పుకోలు కాగితం పట్టుకుని వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"అన్నయ్య సంతకం పెట్టనన్నాడు మేడమ్."

"ఎందుకట?"

"ఊరు కాని ఊళ్ళో రెండు నెలలు ఏం వెలగబెడతావు అన్నాడు. అమ్మేమో అన్నయ్య మాటే నా మాట అంది."

"వాళ్ళ మాట సరే. నీకు వెళ్ళాలని ఉందా?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబోలు, పిల్ల గబుక్కున తల ఎత్తింది. "చచ్చేంత ఉంది మేడమ్" అంది. అంటూనే ఏడ్చేసింది.

ఆ కాగితం ఆ డిపార్ట్‌మెంటు సొంత ఆచారం. ఆడపిల్ల ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళాలంటే ఇంట్లో ఒప్పుకున్నట్టు తండ్రో అన్నో మొగుడో సంతకం పెట్టాలి. మగపిల్లలకు అక్కర్లేదు. సంస్థవాళ్ళు అడగనే అడగరు. ఏటేటా ఆ కాగితాలు పంచి, వసూలు చేసి, ఫైల్లో పెట్టింది ఈమే. తలుచుకుంటే తన మీద తనకే చిర్రెత్తింది.

ఆమె వెళ్ళేసరికి పెద్ద సార్ తన గదిలో అద్దం ముందు కోటు సర్దుకుంటున్నాడు.

"సంతకం లేదా? అయితే రెండో స్థానంలో వచ్చిన కుర్రాడి పేరు రాసెయ్యండి."

"ఆ పిల్ల మొదట వచ్చింది సార్. సంస్థవాళ్ళకు ఈ కాగితంతో పనే లేదు."

"వాళ్ళకు లేదు, నాకుంది. అసలీ పద్ధతి ఎవరి వల్ల పెట్టాననుకున్నారు? మీ వల్లే!" అని పకపకా నవ్వాడు.

"నా వల్లా?"

"మరి? మీరు ఎమ్మెస్సీలో ఉండగా ఇదే సంస్థలో సీటొచ్చిందా, ఉత్తరం మీ ఇంటికి పంపామా, మర్నాడే ఆ ఉత్తరం పట్టుకుని మీ ఆయన దిగాడు. కొత్తగా పెళ్ళయింది, మా ఆవిడ మనసు మార్చుకుంది, మీకు చెప్పడానికి మొహమాటపడుతోంది అన్నాడు. మళ్ళీ వాళ్ళకు ఫోన్లు చేసి పేరు మార్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రోజే అనుకున్నా, ఆడపిల్లల విషయంలో ముందే సంతకం తీసుకోవాలని."

పదహారేళ్ళు! నోటీసు బోర్డు మీద ఇంకెవరిదో పేరు చూసి ఆ రోజు ఏడుస్తూ ఇంటికి వెళ్తే, ఈ మొగుడే కళ్ళు తుడిచాడు. "పోనీలే, నీ బుర్రకు అందేదేదో నువ్వు చూసుకో" అని ఓదార్చాడు. తనకు అంత తెలివి లేదని ఆ మాటతోనే నమ్మేసింది. పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టలేదు. ఇంకే సంస్థకూ రాయలేదు. ఎవరైనా నువ్వు బాగా చెబుతావు అంటే సిగ్గుపడి మాట మార్చేది. వచ్చిన సీటును కొంగు కింద నుంచి లాక్కుపోయి, పైగా నీకు రాలేదని ఓదార్చాడా? దొంగ వెధవ! పెళ్ళయ్యాక మొదటిసారి మొగుణ్ణి మనసులోనైనా తిట్టింది. తిట్టినందుకు ఏ కోశానా బాధ కలగలేదు.

నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్ళింది. సంస్థకు పేర్లు పంపే పని ఎప్పుడూ ఆమెదే. కంప్యూటరు ముందు కూర్చుని మైక్రోస్కోపు పిల్ల పేరు పంపేసింది. వేదిక మీద చదవాల్సిన చీటీలోనూ అదే పేరు రాసింది.

ఆమె రాసిచ్చిన చీటీని పెద్ద సార్ ముందుగా చూసుకోడు. ఇన్నేళ్ళలో చూసుకోవాల్సిన అవసరమూ ఆయనకు రాలేదు. మైకు ముందు గొంతు సవరించుకుని, "మన డిపార్ట్‌మెంటు గర్వపడాల్సిన సంగతి" అని మొదలుపెట్టి పిల్ల పేరు బిగ్గరగా చదివేశాడు. చదివాక గానీ తను చదివింది ఎవరి పేరో ఆయనకు తెలిసిరాలేదు. అప్పటికే అతిథిగా వచ్చిన సంస్థ డైరెక్టరు లేచి చప్పట్లు కొడుతున్నాడు. పిల్ల పరుగున వేదికెక్కి ఆయనతో చెయ్యి కలిపింది.

కిందికి దిగగానే పెద్ద సార్ పళ్ళు నూరుతూ వచ్చాడు. "ఎంత పని చేశారు మేడమ్! రేపు వాళ్ళన్నయ్య నా పీకల మీదికొస్తే ఏం చెప్పమంటారు?"

"నా దగ్గరికి పంపండి సార్. ఆ పిల్లనూ పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడతాను. నన్ను మీరు ఆ రోజు పిలవలేదు. నేనేం మనసు మార్చుకోలేదు సార్, నాకు సీటొచ్చిందన్న సంగతే ఇవాళ మీరు చెబితే తెలిసింది."

ఇంతలో ఆమె ఫోను మోగింది. మొగుడు.

"ఇంకా ఎంతసేపు? ఇక్కడ అమ్మ ఆకలంటోంది."

"వస్తున్నాను. మీరెక్కడికీ వెళ్ళకండి" అందామె. "పదహారేళ్ళ కిందట మా సార్ గదిలో నా గురించి ఏం చెప్పారో, ఇవాళ నా ఎదురుగా కూర్చుని మళ్ళీ చెబుదురుగాని."