శాలువా కప్పినారంటే

మా బస్సులో పోయేవాళ్ళల్లో ఎవరికైనా శాలువా కప్పినారంటే, ఆ మనిషికి పని పోయినట్టే లెక్క.

హిందూపురం బయట ఉన్న చొక్కాల ఫ్యాక్టరీకి పెనుకొండ వైపు పల్లెల నుంచి పనివాళ్ళను తెచ్చి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళ కాడ దించే బస్సు అది. నడిపేది నేను. పోయిన ఏడాది ఆర్డర్లు తగ్గినప్పుడు కొందరు పాతవాళ్ళను క్యాంటీన్ ముందరికి పిలిచి, కుర్చీల్లో కూర్చోబెట్టి, దండలు వేసి, శాలువాలు కప్పి, పండ్ల పళ్ళెం చేతికిచ్చి ఫోటో తీసినారు. మీ సేవలు మరవలేము అని మైకులో చెప్పినారు. అందరమూ చప్పట్లు కొట్టినాము. కటింగ్ సెక్షన్ చెన్నకేశవులు ఆ మాటలు నిజమనుకున్నాడు. మరుసటి దినం మామూలుగా క్యారియర్ పట్టుకుని బస్సెక్కినాడు. గేటు కాడ వాచ్‌మన్ ఆపి, నీ పేరు తీసేసినారు పెద్దాయనా అన్నాడు. ఆయన ఎదురుగా ఉన్న టీ బంకులో సాయంత్రం దాకా కూర్చుని, మళ్ళీ మా బస్సులోనే ఇంటికి పోయినాడు. దారి పొడుగునా ఎవరూ ఆయనతో మాట్లాడలేదు.

ఈ సంగతి కొత్త మేనేజర్ అమర్‌నాథ్‌కు తెలియదు. ఆయన తుమకూరు మనిషి, అప్పటికి వచ్చి కొన్ని వారాలే అయింది. మంచివాడే, గట్టిగా అరిచే రకం కాదు. అట్లని పని తగ్గిందని కాదు. గంటగంటకూ ఎన్ని చొక్కాలయినాయో బోర్డు మీద రాయడం అట్లే ఉండేది. నీళ్ళు తాగను లేస్తే సూపర్‌వైజర్ గడియారం వైపు చూడడమూ అట్లే ఉండేది.

హనుమక్కది చెకింగ్ టేబుల్. కుట్టిన చొక్కా పెట్టెలోకి పోయే ముందు చివరగా చూసేది ఆమే. మిగిలిన దారాలు కత్తిరిస్తుంది, కుట్టు తప్పినవి వెనక్కి పంపుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే పని. ఆమెకు భర్త లేడు. కూతురు శోభారాణి ధర్మవరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల చదువు ఆ టేబుల్ మీదే నడుస్తోందని బస్సులో అందరికీ తెలుసు.

పెద్ద ఆర్డరొకటి లారీలకెక్కిన దినం, సాయంత్రం అందరినీ క్యాంటీన్ ముందరికి రమ్మన్నారు. నేను బస్సు తిప్పి పెట్టుకుని వచ్చి చూస్తే కుర్చీ ఉంది, మైకు ఉంది, పళ్ళెంలో ఆపిల్ పండ్లు, అరటిపండ్లు ఉన్నాయి. ఆఫీసు గుమాస్తాకు సన్మానమంటే పోయినసారి చేసిన విధమే తెలుసు, అన్నీ అట్లే తెచ్చిపెట్టినాడు. మేనేజర్ హనుమక్క పేరు పిలిచినాడు.

ఆమె లేవలేదు. గ్రేస్ అని బస్సులో ఆమె పక్కన కూర్చునే పిల్ల, కాలర్లు కుట్టేది, మెల్లగా చేయి పట్టి లేపింది. హనుమక్క వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. దండ వేసినారు. శాలువా కప్పినారు. ఇన్నేళ్ళు కంపెనీకి ఈమె చేసిన సేవ మరవలేనిది అని మేనేజర్ మైకులో చెప్పినాడు. ఆ మాట వినగానే వెనక వరసలో ఇద్దరు ముగ్గురు కొంగులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. హనుమక్క కూడా తల వంచుకుని ఏడ్చింది. చూడండి, ఇవి ఆనందబాష్పాలు అని మేనేజర్ నవ్వుతా చప్పట్లు కొట్టినాడు. ఆయనవి తప్ప ఇంక చప్పట్లు సరిగ్గా మోగలేదు.

తిరుగు దారిలో బస్సులో ఫోన్లలో పాటలు లేవు, ఎకసెక్కాలు లేవు. గ్రేస్ తన కిటికీ సీటు హనుమక్కకు ఇచ్చి, పక్కన కూర్చుని పెదాలు మాత్రం కదిలిస్తా ప్రార్థన చేస్తోంది. సోమందేపల్లి దాటినాక అడిగింది.

"ఒక మాట అడిగి చూద్దామా అక్కా?"

"చెన్నకేశవులన్న మాదిరి గేటు కాడ నిలబడల్లా నేను?"

దిగేటప్పుడు హనుమక్క నా దగ్గర ఆగింది. రేపటి నుంచి ఈడ నిలపొద్దు కొండప్పన్నా, నీకు లేటవుతుంది అని చెప్పి పోయింది. నేను తలూపినాను.

మరుసటి దినం ఆమె నిలబడే చోట బస్సు నెమ్మది చేసినాను. ఎవరూ లేరు.

టేబుల్ ఖాళీగా ఉండేది చూసి మేనేజర్ సూపర్‌వైజర్‌ను అడిగినాడంట, ఆయన నీళ్ళు నమిలినాడంట. గ్రేస్ నోరు కట్టుకుని ఉండే మనిషి కాదు. మిషన్ ఆపి, మీరే కదా సార్ పంపించేసింది అనింది. మేనేజర్ ఎగతాళి అనుకుని నవ్వబోయినాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆగినాడు. అప్పుడు గ్రేస్ పోయిన ఏడాది సంగతంతా చెప్పింది. చుట్టుపక్కల మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయినాయి. ఆయన అక్కడున్న అట్టపెట్టెల మీద కాసేపు కూర్చున్నాడు. తర్వాత నాకు కబురు పెట్టినాడు.

ఆయన కారే, నన్ను నడపమన్నాడు. హనుమక్క ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింట్లో చెనిక్కాయలు వలుచుకుంటున్న ముసలామె మమ్మల్ని కిందికీ మీదికీ చూసి, హనుమక్క పొద్దున పెనుకొండలో రైలెక్కి ధర్మవరం వాళ్ళక్క ఇంటికి పోయిందని చెప్పింది. ఆడ పట్టు దారం చుట్టే పనిలో చేరతాదంట, ఒక్కరి చేతి పనితో ఇల్లు గడవదు గనక పిల్లను కూడా సాయంత్రం హాస్టల్ నుంచి పిలుచుకొచ్చి అదే పనిలో పెడతాదంట.

మేనేజర్ ధర్మవరం పోనీమన్నాడు.

పెనుకొండ కొండ వెనకబడినాక ఆయన నా వైపు తిరిగి, మీరు కూడా అట్లే అనుకున్నారా అన్నాడు.

"అనుకున్నాము సార్."

"మరి ఒక్కరూ నన్ను అడగలేదే?"

"పోయినసారి కూడా ఎవరూ అడగలేదు సార్."

ధర్మవరంలో వాళ్ళక్క రామాంజినమ్మ ఉండే వీధిలో ఇంటింటికీ మగ్గం చప్పుడే. గడపలో నుంచే కనిపించింది హనుమక్క, రాట్నం ముందర కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే చేతిలో పోగు తెగిపోయింది. లేచి నిలబడింది. మేనేజర్ నోరు తెరవక ముందే లోపలికి పోయి సంచి తెచ్చింది.

"ఐడీ కార్డు నా దగ్గరే ఉండిపోయింది సార్. రేపు ఎవరి చేతనైనా పంపిద్దామనుకున్నా. దీనికోసం మీరు ఇంత దూరం రావల్లనా?"

ఆయన కార్డు తీసుకోలేదు. రామాంజినమ్మ కుర్చీ వేసినా కూర్చోలేదు. నిలబడే చెప్పినాడు, కొంచెం తెలుగు, కొంచెం కన్నడం. పని తీసేయలేదని, అట్లాంటి ఆలోచనే లేదని, బాగా చేసినావని చెప్పడానికే పిలిచినానని, పాత సంగతి తనకు తెలియదని చెప్పినాడు. ఆమె అంతా వినింది. విని ఒక్కటే అడిగింది.

"అయితే నేను తప్పేమీ చేయలేదా సార్?"

"తప్పా? లారీలకెక్కే ముందు కొనేవాళ్ళు తనిఖీ చేస్తే, మీ టేబుల్ దాటిన ఒక్క చొక్కా కూడా వెనక్కి రాలేదమ్మా ఈ ఆర్డర్‌లో. అందుకే కదా పిలిచింది."

"ఆ మాట నాకు ఇప్పుడే తెలుస్తాండాది."

హనుమక్క తెగిన పోగు కొనలు వెతికి ముడేస్తా మళ్ళీ మాట మొదలుపెట్టింది. ఆమె అంత మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

"నిన్నటి నుంచి ఏ చొక్కాలో ఏం చూడకుండా వదిలినానో అని తవ్వుకుంటా ఉన్నా సార్. వెనక్కొచ్చిన చొక్కా గురించైతే ఆ నిమిషమే వచ్చి చెప్తారు, అందరూ వినేటట్టు చెప్తారు. బాగా పోయిన చొక్కా గురించి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. మాకు మంచి మాట చెప్పేది ఒకే ఒక దినం, పంపించేసే దినం. అందుకే మైకులో పొగిడితే మేము సంచి సర్దుకుంటాము."

మేనేజర్ ముఖం కడుక్కున్నట్టు చేత్తో తుడుచుకున్నాడు.

"మరి ఎట్లా చెప్పాలి హనుమక్కా?"

"టేబుల్ కాడికి వచ్చి చెప్పండి. చొక్కా చేతిలోకి తీసుకుని, చూసి చెప్పండి. బాగలేకపోతే అదీ చెప్పండి. దండలొద్దు సార్."

ఆయన సరేనన్నాడు. రేపు రావాలని అడిగినాడు. ఆమె రాట్నం వైపు చూసింది. నాకు ఆమె రాదేమోననిపించింది. ఇక్కడ అరిచే సూపర్‌వైజర్ లేడు, గంట లెక్కలు రాసే బోర్డు లేదు. రామాంజినమ్మ మాత్రం నవ్వింది.

"తొందరగా పిలుచుకపో సార్. పొద్దున్నుంచి చుట్టిన దానికంటే తెంపింది ఎక్కువుండాది. పట్టు ఇచ్చిన సావుకారికి నేనేం జవాబు చెప్పల్ల?"

హనుమక్కకు కూడా నవ్వొచ్చింది. ఐడీ కార్డు మళ్ళీ సంచిలో వేసుకుంది.

"వస్తా సార్. మీ కారులో మాత్రం రాను. మేనేజర్ కారులో దిగితే మా ఊర్లో ఇంకో కథ చెప్తారు. రైలుకే వస్తా. ఇంత దూరం వచ్చినా కదా, పిల్లను చూసి పోతా."

ఏమని చెప్తావే దానికి అని వాళ్ళక్క అడిగింది.

"ఏం చెప్పేది. పరీక్షలు ఎప్పుడని అడుగుతా."

మరుసటి పొద్దున ఆమె ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి ఉంది. బస్సెక్కుతుంటే అందరూ ఒకేసారి మాట్లాడినారు. ఏం జరిగిందో నా నోటి నుంచి రాదని వాళ్ళకు తెలుసు, అందుకని ఆమెనే పట్టుకున్నారు.

ఆ దినం ఫ్యాక్టరీలో జరిగింది సాయంత్రం గ్రేస్ చెప్తే విన్నాను. మధ్యాహ్నం మేనేజర్ హనుమక్క టేబుల్ కాడికి వచ్చి, ఆమె ముందరున్న చొక్కా ఒకటి తీసుకుని, కాలర్ చూసి, చేతులు తిప్పి చూసి, బాగుంది హనుమక్కా అన్నాడంట. ఆమె తలెత్తకుండా, దాని బొత్తాం ఇంకా చూడలేదు సార్, ఇట్లియ్యండి అని ఆయన చేతిలోంచి చొక్కా తీసుకుందంట. ఆయన అట్లే పక్క టేబుల్ కాడికి పోయి, ఇస్త్రీ చేసే అరుణ ముందర నిలబడి, పేరేమమ్మా అని అడిగినాడంట.

"ఆరేళ్ళ నుంచి నన్ను ఏయ్ ఇస్త్రీ అనే పిలిచినారు. పేరు అడిగింది ఈయనే" అంది అరుణ వెనక సీట్లో నుంచి.

"పేరు రాసుకున్నాడంటే చూసుకోవే, నీకూ శాలువా తెస్తాడు" అంది గ్రేస్.

బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది హనుమక్కే. సోమందేపల్లి కాడ ఎవరో ఫోన్లో పాట పెట్టినారు.