చివరి వరసలో ఎర్ర తలుపు

సొంతిల్లంటే పిచ్చి ఎవరికుండదు చెప్పండి! కానీ చెట్లావిడకున్నంత పిచ్చి మాత్రం ఊరు మొత్తంలో ఇంకెవరికీ లేదనే చెప్పాలి. చెట్లావిడ అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. ఆవిడ భర్త బొమ్మలాయన, బిల్డర్లకు బొమ్మ ఇళ్ళు చేసిపెడతాడు. కట్టబోయే కాలనీ ఎలా ఉంటుందో అగ్గిపెట్టెలంత ఇళ్ళతో బల్ల మీద ముందే చేసి చూపించడం ఆయన పని. ఆ ఇళ్ళ మధ్య చెట్లు నాటడం ఈవిడ పని. స్పాంజి ముక్కల్ని మిక్సీలో తిప్పి, పచ్చరంగులో ముంచి, ఆరబెట్టి, మెలితిప్పిన రాగి తీగకి జిగురుతో అంటిస్తే చెట్టు తయారు. పొద్దున వంటకీ అదే మిక్సీ, మధ్యాహ్నం చెట్లకీ అదే మిక్సీ. ఓ రోజు కూర మరీ పచ్చగా వస్తే మొగుడు కిక్కురుమనకుండా తిని లేచాడు. అంతటి మంచివాడు.

ఉండేది అద్దె ఇల్లు. ముందు గది నిండా బల్ల, వెనక గది నిండా మంచం, రెంటి మధ్యా మనిషి పక్కకి తిరిగి నడవాలి. పైన ఉండే ఇల్లుగలావిడ రోజూ దిగొచ్చి, "మీ జిగురు వాసనకి మాకు తల బద్దలైపోతోందమ్మా" అని ఓ మాట అనేసి పోయేది. ఆవిడ మెట్లెక్కడం ఆలస్యం, చెట్లావిడ మొగుడి మీద పడేది.

"ఊళ్ళోవాళ్ళందరికీ ఇళ్ళు కట్టాం. మనకి మాత్రం ఒక మేకు కొట్టుకోడానికి సొంత గోడ లేదు. ఉందా? చెప్పండి!"

"లేదు," అనేవాడాయన, నిజమే కదా అని.

అలాంటి ఇంట్లోకి ఆ కాలనీ పని వచ్చింది. ఊరి చివర పెద్ద బీడు. దానికి ఒక పక్క ఇంకా చమురు తోడుతూనే ఉన్న పాత బావులు, ఇంకో పక్క రెల్లు పెరిగిన చిత్తడి నేల. మధ్యలో ఇళ్ళు. బొమ్మ చేయడం మొదలుపెట్టిన వారానికే చెట్లావిడ నిర్ణయానికి వచ్చేసింది. చిత్తడి వైపు చివరి వరసలో చిట్టచివరి ఇల్లు. ఆ కిటికీలోంచి చూస్తే ఇంకో ఇల్లు కనబడదు, ఇల్లుగలావిడ అసలే కనబడదు. ఉన్నదంతా ఊడ్చి బిల్డరుకి అడ్వాన్సు కట్టేశారు. బొమ్మలో అన్ని ఇళ్ళకీ గోధుమ రంగు తలుపులైతే, ఆ ఒక్క ఇంటికీ ఎర్ర తలుపు పెట్టింది.

"బిల్డరు చూస్తే తిడతాడోయ్," అన్నాడు మొగుడు.

"చీమ తలకాయంత తలుపు. చూడాలంటే ఆయన వంగాలి. ఆయన వంగే మనిషా?"

ప్లాను గీసినది బిల్డరు దగ్గర పనిచేసే అమ్మాయి. చిన్న వయసే గానీ పని దగ్గర గట్టిది. వీళ్ళని అక్కా, అన్నా అని నోరారా పిలిచేది. చమురు బావుల చుట్టూ కంచం బోర్లించి గీసినట్టు ఒక్కో సున్నా చుట్టింది. ఆ సున్నాల్లో ఇల్లు కట్టడానికి వీల్లేదు. చిత్తడి వైపు ఒక గీత గీసింది. దాని అవతల కట్టడానికి వీల్లేదు. ఈ సున్నాలకీ ఆ గీతకీ మధ్య ఎన్ని ఇళ్ళు పడితే అన్ని.

వానలు వెలిశాక ఆ అమ్మాయి బొమ్మ చూడ్డానికి వచ్చింది. వాచీ మోటారుతో తలూపే చిట్టి చమురు పంపులు చూసి చప్పట్లు కొట్టింది. బొమ్మలాయన ముఖం వెలిగిపోయింది.

"ఇక నీళ్ళు పోయడమే మిగిలిందమ్మా. నీలం కలిపేస్తాను," అన్నాడు.

"నీలమా?" అందా అమ్మాయి. "అన్నా, మీరెప్పుడైనా ఆ చిత్తడి చూశారా? రేపు నేను హద్దు కర్రలు చూడ్డానికి వెళ్తున్నా. మీరూ రండి, చూశాక రంగు కలపండి."

"నేనూ వస్తా!" అంది చెట్లావిడ వెనక గదిలోంచి. తన ఇంటి చోటు చూసుకోవాలని ఆవిడ ఆత్రం. అక్కడ తమకి ఇల్లుందని మాత్రం అమ్మాయికి చెప్పలేదు. ఆ లెక్కలన్నీ బిల్డరు దగ్గరే ఉండేవి.

తెల్లారి ముగ్గురూ బయల్దేరారు. ముందు వచ్చింది బావుల వైపు. బొమ్మలో వేలెడంత ఉన్న పంపు అక్కడ రెండంతస్తుల ఎత్తుంది. ఇనుప తల నేల దాకా వంచి, మళ్ళీ ఆకాశంలోకి ఎత్తి, మళ్ళీ వంచి, ఎవరూ దగ్గర లేకపోయినా దాని పని అది చేసుకుపోతోంది.

"అచ్చం మా ఆయనే," అంది చెట్లావిడ. "ఏమడిగినా తలూపుతాడు."

నవ్వుతూనే కంచె దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. అరికాళ్ళకి సన్నటి వణుకు తగిలింది. నేల లోపల ఎక్కడో ఏదో కదులుతోంది, ఆ కదలిక చెప్పులు దాటి ఒంట్లోకి వస్తోంది.

"ఎంత లోతమ్మాయ్ ఇది?"

"మన ఊళ్ళో ఎత్తయిన మేడలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి దింపినా అడుగు తగలదక్కా. అసలు ఆ చమురేంటో తెలుసా? ఒకప్పుడు నీళ్ళల్లో బతికిన నలుసులు. కంటికి కూడా కనబడని ప్రాణాలు. చచ్చి అడుగున పడ్డాయి, వాటి మీద బురద, బురద మీద బురద. అలా ఎంత కాలమో. మనుషులు పుట్టకముందు సంగతి."

చెట్లావిడ కిందికి చూసింది. తను నిలబడ్డది నేల మీద అనుకుంది ఇన్నాళ్ళూ. కాదు, ఎన్నడో బతికి పోయిన ప్రాణాల మీద. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే మొదటిసారి. మొగుడు కంగారుపడి, "ఏం, కళ్ళు తిరుగుతున్నాయా?" అని కూడా అడిగాడు.

అక్కణ్ణుంచి బీడుకి అడ్డంగా నడిచి చిత్తడి వైపు వచ్చారు. మనిషి కంటే ఎత్తున్న రెల్లుని అమ్మాయి రెండు చేతులా పక్కకి తీసింది. అంతే, లోపల వేల పిట్టలు ఒక్క ఉదుటున లేచాయి. ఆ రెక్కల చప్పుడుకి చెట్లావిడ గుండె గుభేలుమంది. ఆకాశం ఒక క్షణం మూసుకుపోయి, మళ్ళీ తెరుచుకుంది. పిట్టలు పెద్ద చుట్టు తిరిగి, ఎవరూ చెప్పకుండానే అన్నీ ఒకేసారి వంగి, వచ్చి నీళ్ళ మీద వాలాయి. ఆవిడ నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఎన్ని వేల చెట్లు చేసిందో తన చేతులతో! ఒక్క చెట్టు మీద ఒక్క పిట్టనైనా పెట్టాలని ఎన్నడూ తోచలేదు.

బొమ్మలాయన అప్పటికే గట్టు మీద గొంతుకూచున్నాడు. నీళ్ళు నీలంగా లేవు. ఒక చోట తుప్పు రంగు, ఒక చోట నలుపు, పక్కనే ఆకాశం ముక్క, దాని కిందే ఆకుపచ్చ. "ఏ డబ్బాలో దొరుకుతుందే ఈ రంగు?" అన్నాడు, ఎవరినీ కాదు, నీళ్ళనే. అడుగు నుంచి బుడగలు ఒకటొకటిగా పైకొచ్చి టప్పున పగులుతున్నాయి. బొమ్మల్లో నీళ్ళకి వాడే రెజిన్‌లో బుడగ కనబడితే పని చెడినట్టే. వేడిగాలి మిషను పట్టుకుని ఒక్కో బుడగనీ వెంటాడి చంపడంతోనే ఆయన సగం జీవితం గడిచిపోయింది. ఇక్కడేమో నీళ్ళు దర్జాగా బుడగలు వదులుతున్నాయి.

"అడుగున బురద ఊపిరి పీలుస్తోందన్నా," అందా అమ్మాయి.

"సరే గానీ, మా ఇల్లెక్క... అదే, చివరి ఇల్లు ఎక్కడొస్తుంది?" అని అడిగింది చెట్లావిడ.

అమ్మాయి చెయ్యి చాపి, చాపిన చెయ్యి అలాగే ఉంచేసింది. హద్దు కర్ర గట్టు మీద లేదు. నీళ్ళ మధ్యలో, ఎర్రరంగు పూసిన కొస మాత్రం బయటికి పెట్టుకుని నిలబడి ఉంది. దాని మొదట్లో తడి నాచు కుప్ప, కుప్ప మీద గుప్పెడంత గోధుమరంగు పిట్ట. వీళ్ళని చూసి పిట్ట లేచింది. ముక్కుతో గబగబా నాచు లాగి గుడ్ల మీద కప్పింది, పిల్లలకి దుప్పటి కప్పినట్టే. బుడుంగున మునిగి మాయమైంది.

"బుడుబుంగ," అందా అమ్మాయి గొంతు తగ్గించి. "దాని గూడు నేలకి ఆనదక్కా. నీళ్ళ మీద తేలుతుంది. కొట్టుకుపోకుండా ఏ రెల్లు కాడకో తగిలించుకుంటుంది. ఈసారి దానికి మన కర్ర దొరికింది. నీళ్ళు పెరిగితే గూడు లేస్తుంది, తగ్గితే దిగుతుంది."

"పునాది లేకుండానా?"

"పునాది లేకుండానే."

చెట్లావిడ కళ్ళప్పగించి చూస్తూ ఉండిపోయింది. ఇంతలో అమ్మాయి గట్టు మీద కూలబడింది.

"ఎండాకాలంలో కొలిచామక్కా. అప్పుడిక్కడ నేల నెర్రెలిచ్చి ఉంది. ఆ పొడి అంచు పట్టుకునే గీత గీశాను."

"అయితే నీటి మీద గీత గీశావన్నమాట."

"అంతే. ఇప్పుడా గీత వెనక్కి జరిపితే చివరి వరస మొత్తం పోతుంది. ఆ ఇళ్ళని అటు జరుపుదామంటే బావుల సున్నాలు అడ్డం. బిల్డరు సారేమో మట్టి పోసి ఎత్తు చేసేద్దాం అంటున్నారు. ఏం చెయ్యాలో తేలట్లేదక్కా. ఆ వరసలో ఇళ్ళు తీసుకున్నవాళ్ళకి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? పిట్టల కోసం మీ ఇల్లు తీసేశానంటే ఊరుకుంటారా?"

"ఊరుకోరు," అంది చెట్లావిడ ఠక్కున. మొగుడు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ చూడలేదు.

ఇంటికొచ్చాక ఆవిడ కోపం అంతా ఇంతా కాదు. గిన్నెల మీద కోపం, మిక్సీ మీద కోపం, మొగుడు మాట్లాడితే కోపం, మాట్లాడకపోతే ఇంకా కోపం.

"మట్టి పోస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా! ఆ పిట్టకి ఊరంతా చెరువులుంటే నా కర్రే కావాల్సొచ్చిందా?"

"దానికేం తెలుసోయ్ అది నీ కర్ర అని?" అన్నాడాయన మెల్లిగా.

ఆ మాటకి ఆవిడ మిక్సీ ఆపి ఏడ్చేసింది. ఎందుకేడుస్తున్నదీ ఆవిడకి బాగా తెలుసు. ఆ ఇల్లు కావాలి. ఆ గుడ్ల మీద మట్టి పోయమని మాత్రం తన నోటితో తను అనలేదు. మొన్నటి దాకా అనగలిగేదే. వెళ్ళి చూసొచ్చింది, అదే వచ్చిన చిక్కు.

మర్నాడు సాయంత్రం అమ్మాయి వచ్చింది. తెల్లారితే అనుమతులిచ్చే పెద్దల ముందు బొమ్మ పెట్టాలి. బొమ్మలాయన పాత గీత వెంబడి టేపుతో గట్టు కట్టి కూర్చున్నాడు. రెజిన్ ఒకసారి పోశాక గట్టిపడిపోతుంది. తర్వాత బిల్డరొచ్చి గీపెట్టినా ఆ నీళ్ళని తోడడం ఎవరి తరమూ కాదు.

"ఎక్కడిదాకా పోయనమ్మా?"

అమ్మాయి బల్ల చుట్టూ తిరిగింది. చివరి వరస దగ్గర వంగింది.

"ఇదేంటన్నా, ఈ ఒక్క ఇంటికే ఎర్ర తలుపు?"

అమ్మాయి ఆయన్ని చూసింది, ఆవిడని చూసింది. మళ్ళీ తలుపుని చూసింది. ముఖం పాలిపోయింది.

"అక్కా... ఇది మీదా? నిన్న అక్కడ నిలబడి కూడా ఒక్క మాటైనా..."

చెట్లావిడ వచ్చి సన్నటి కత్తి అందుకుంది. ఇంటి అడుగున మొన పెట్టి, జిగురు ఊడే దాకా ఓపిగ్గా కదిపి, ఎర్ర తలుపు ఇంటిని పైకి తీసింది.

"అడక్కముందే ఇచ్చేస్తున్నానమ్మాయ్. తర్వాత అడిగితే ఇవ్వను, నా సంగతి నాకు తెలుసు. మిగతావి నువ్వు తియ్యి. ఆ వరసవాళ్ళు ఏ ముఖం పెట్టుకుని వచ్చావని అడిగితే, నా ముఖం చూపించు."

అమ్మాయి ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని మిగతా ఇళ్ళు తీసింది. పాత టేపు ఊడదీసి, నీళ్ళు నిజంగా ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ కొత్త గీత గీసింది. బొమ్మలాయన రెజిన్‌లో తుప్పు రంగు కలిపాడు, నలుపు కలిపాడు, ఆకుపచ్చ చుక్కలు వేశాడు. పోశాడు. నీళ్ళు పాకి, ఇంటి చోటుని మెల్లిగా కప్పేశాయి. బుడగలు లేచాయి. అలవాటుగా ఆయన చెయ్యి వేడిగాలి మిషను మీదికి వెళ్ళింది. చెట్లావిడ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనివ్వండి. ఊపిరి పీల్చుకోనివ్వండి."

పొద్దున్నే హాల్లో బొమ్మ చూసి బిల్డరు ఒంటికాలి మీద లేచాడు. "నా వరస ఏదీ? తియ్యి ఆ నీళ్ళు!" అన్నాడు. నీళ్ళు గట్టిగా, రాయిలా కూర్చుని ఉన్నాయి. అమ్మాయి కొత్త ప్లాను ఆయన చేతిలో పెట్టి, "ఇదే సరైన గీత సార్. పాతదాని మీద నేను సంతకం పెట్టను," అంది. అంతలో పెద్దలు రానే వచ్చారు.

వాళ్ళలో ముసలాయన ఒకడు బల్ల చుట్టూ తిరిగి, తలూపుతున్న పంపుల దగ్గర కాసేపు ఆగి, చిత్తడి వైపు వచ్చి నిలబడ్డాడు.

"ఈ మూల ఇంత చోటు ఖాళీగా వదిలేశారేం?"

అమ్మాయి నోరు తెరిచేలోపు, గోడ పక్కన నిలబడ్డ చెట్లావిడ ముందుకొచ్చింది. పిడికిట్లో అగ్గిపెట్టెంత ఇల్లు బిగించి పట్టుకుని ఉంది.

"ఖాళీ లేదు సార్. అక్కడొక ఇల్లుంది. కాస్త వంగి చూడండి."

ముసలాయన వంగాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ వంగాడు. తుప్పురంగు నీళ్ళలో దారం ముక్కంత కర్ర, దాని కొసన ఎర్ర చుక్క. కర్రకి ఆనుకుని నువ్వుగింజంత నాచు కుప్ప తేలుతోంది. దాని కింద నుంచి బుడగలు పైకొస్తూ వస్తూ ఆగిపోయి ఉన్నాయి. ఆయన ఊపిరి బిగబట్టి చూశాడు. ఒకరొకరుగా అందరూ వంగారు, చివరికి బిల్డరు కూడా.

"ఎవరిదమ్మా ఈ ఇల్లు?" అన్నాడు ముసలాయన తలెత్తకుండానే.

"మాదే అనుకున్నాం సార్," అంది చెట్లావిడ. "వెళ్ళి చూస్తే, అప్పటికే ఉంటున్నారు."