పెద్దల్లుడు ఎంచిన గేర్‌బాక్స్

పెద్దల్లుడికి చిన్నల్లుడంటే కడుపుమంట. ఈ సంగతి అతను ఎవరితోనూ అనలేదు. అయినా అతని భార్యకు తెలుసు, షెడ్డులో పనిబల్లకు తెలుసు, చిన్నల్లుడి పేరు వినబడగానే ఆ బల్ల మీద దబ్బున పడే సుత్తికీ తెలుసు. తెలియనిదల్లా చిన్నల్లుడొక్కడికే.

పెద్దల్లుడు గేర్‌బాక్సుల మేస్త్రి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. బండి వంద గజాల దూరంలో ఉండగానే మూడో గేరు పళ్ళు అరిగాయో, బేరింగు పోయిందో చెప్పేసేవాడు. అంత చెవి ఉన్నవాడికి మామగారి నోటి నుంచి ఒక్క మెప్పుమాట మాత్రం వినబడలేదు. మామగారు నలభై ఏళ్ళు టాక్సీ నడిపిన మనిషి, మాట పొదుపరి. పెళ్ళైన కొత్తలో "పని వచ్చా?" అన్నారు. "వచ్చండీ" అన్నాడు. "ఊఁ" అన్నారు. పదిహేనేళ్ళుగా వాళ్ళ సంభాషణ ఆ "ఊఁ" దాటి ముందుకు కదల్లేదు.

ఆరేళ్ళ కిందట రెండో కూతుర్ని చేసుకుని చిన్నల్లుడు దిగాడు. ఇంజిన్ల మేస్త్రి. అతని షెడ్డంతా తెల్ల దీపాలు, మాసిపోని బట్టలు, నోట్లో వేలు పెడితే కొరకలేడేమో అనిపించే నవ్వు. వచ్చిన నెలలోపే అత్తగారి మిక్సీ బాగుచేసి "బంగారం" అనిపించుకున్నాడు. అదే మిక్సీని అంతకుముందు రెండుసార్లు బాగుచేసిన పెద్దల్లుడికి ఒక్క గ్రాము బంగారం కూడా దక్కలేదు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అన్నారా!

ఇప్పుడు మామగారి పాత టాక్సీ వచ్చిపడింది మధ్యలో. గుండ్రటి దీపాల బండి. ఇద్దరు కూతుళ్ళూ అందులోనే బడికి వెళ్ళారు, అందులోనే వేవిళ్ళకు కక్కుకున్నారు. దాని ఇంజిన్ పట్టేసింది. చిన్నల్లుడు ఎక్కడో వెతికి, కొత్త రకం బండిలోంచి తీసిన డీజిల్ ఇంజిన్ తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. మామగారు రోజూ కుర్చీ వేసుకుని ఆ పని చూశారు. మొదటిసారి స్టార్టు చేసినప్పుడు "భేష్" అన్నారట.

ఆ మాట అత్తగారు ఫోనులో పెద్దకూతురికి చెబితే, కూతురు కాఫీ కలుపుతూ మొగుడికి చెప్పింది.

"ఒకసారి కాదండోయ్, రెండుసార్లు అన్నారట నాన్న."

ఆ పూట పెద్దల్లుడు కాఫీ తాగకుండానే షెడ్డుకు పోయాడు.

మర్నాడు చిన్నల్లుడు అతని దగ్గరికి వచ్చాడు. చంకలో అట్టముక్క, చేతిలో సంచీ.

"అన్నయ్యా, పాత గేర్‌బాక్స్ ఈ ఇంజిన్ బలానికి ఆగదు. మొదటి ఎత్తు ఎక్కేసరికి పళ్ళు రాలిపోతాయి. ఏది సరిపోతుందో మీరే చెప్పాలి. మామయ్యతో కూడా అదే అన్నాను, ఆ సంగతి అన్నయ్యకి వదిలేద్దామని."

"ఏమన్నారు మామయ్య?"

"ఊఁ అన్నారు."

పెద్దల్లుడు అట్టముక్క అందుకున్నాడు. ఇంజిన్ వెనక బోల్టు బెజ్జాలన్నీ దాని మీద అచ్చు దించి ఉన్నాయి. సంచీలో క్లచ్చు పళ్ళెం ఉంది, గేర్‌బాక్స్ షాఫ్టు పళ్ళు దాని బెజ్జంలో కూర్చోవాలి కాబట్టి. ఇంజిన్ నుంచి వెనక షాఫ్టు దాకా పొడవు, గేరు కర్ర పైకి రావలసిన బెజ్జం, అన్నీ కొలిచి రాసి ఉన్నాయి. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని రెండుసార్లు చూశాడు. దొరకలేదు. మంట ఇంకాస్త పెరిగింది.

అతని దగ్గర ఆ కొలతలకు రెండు గేర్‌బాక్సులు ఉన్నాయి. రెండింటికీ బోల్టులు కుదురుతాయి, పళ్ళు కుదురుతాయి, పొడవు కుదురుతుంది. తేడా లోపల ఉంది. మొదటిది ఐదు గేర్లది. ఐదో గేరులో ఇంజిన్ నింపాదిగా తిరుగుతుంటే వెనక షాఫ్టు దానికన్నా వేగంగా తిరుగుతుంది. ఎక్కువ చుట్లు తిరగలేని డీజిల్ ఇంజిన్‌కు అలాంటిదే కావాలి. రెండోది సరుకుల బండిది, నాలుగు గేర్లే. పైగేరులో కూడా ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్టు అన్నే తిరుగుతుంది. అది బిగిస్తే గోడైనా ఎక్కుతుంది గానీ, యాభై దగ్గర ఇంజిన్ గొంతు చించుకుంటుంది.

ప్రమాదం ఏమీ లేదు. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. పోయేదల్లా పరువు, అదీ ఇంజిన్ బిగించినవాడి పరువు. ఎందుకంటే అరిచేది ఇంజిన్. గేర్‌బాక్స్ నోరు మూసుకుని కూర్చుంటుంది. చూసేవాళ్ళు ఎవర్ని తిడతారు?

"ఇది తీసుకెళ్ళు" అని నాలుగు గేర్ల పెట్టెను కాలితో తట్టాడు. "అన్నీ సరిపోతాయి."

"మీరు చెప్పాక ఇంకేముంది అన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు, పెట్టెను ట్రాలీ మీదికి ఎక్కిస్తూ.

ఆ తర్వాత వారం రోజులూ పెద్దల్లుడి కాలు నేల మీద నిలవలేదు. గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసి, చెప్పబోయే మాట నాలుగు రకాలుగా సాధన చేశాడు. "గేర్‌బాక్స్‌కేం, గుండులా ఉంది మామయ్యా. ఇంజినే పరుగెత్తడం లేదు, పాపం." ఆ చివరి "పాపం" దగ్గర గొంతు ఎంత దించాలో కూడా లెక్క చూసుకున్నాడు.

"ఏంటండీ అంత హుషారు?" అంది భార్య.

"నేను హుషారుగా ఉండకూడదని ఎక్కడైనా రాసుందా?"

"లేదులెండి. మీ మొహానికి అలవాటు లేక చెమట పడుతోందని అడిగా."

ఆదివారం పొద్దున బండి తోలి చూసే రోజు. మామగారి ఇంటి ముందు అందరూ చేరారు. మామగారు స్టీరింగ్ ముందు, చిన్నల్లుడు పక్కన. బండి కదిలింది. మొదటి గేరులో ఎద్దులా లాగింది. రెండు, మూడు. నాలుగో గేరులో వీధి చివరకు చేరేసరికి అరుపు మొదలైంది. బండి పెద్దరోడ్డు మీద తిరిగినంతసేపూ ఆ అరుపు ఇంటిదాకా వినబడుతూనే ఉంది. పెద్దల్లుడి చెవులకు అది సన్నాయిలా ఉంది. "పాపం" నాలుక చివరికి తెచ్చుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

బండి వచ్చి ఆగింది. మామగారు దిగారు. నేరుగా పెద్దల్లుడి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. పదిహేనేళ్ళలో ఆ చెయ్యి ఆ భుజం మీద పడడం అదే మొదటిసారి.

"మూడు నెలల నుంచి నన్ను స్టీరింగ్ ముట్టుకోనివ్వట్లేదయ్యా ఈ ఇంట్లో" అన్నారు. "డాక్టరూ వద్దంటాడు, మీ అత్తా వద్దంటుంది, కూతుళ్ళిద్దరూ వద్దంటారు. నాన్నకి స్పీడు ఎక్కువ, కళ్ళు తక్కువ అని. ఇవాళైనా చిన్నోడు పక్కనుంటేనే, ఒక్క చుట్టుకే ఒప్పుకున్నారు. నువ్వొక్కడివే నన్ను ఆపకుండా బండిని ఆపావు. యాభై దాటదు! ఇంక నన్నెవరు ఆపుతారో చూస్తాను. నీలాంటి బుర్ర ఇంకోడికి లేదు."

ఇన్ని మాటలు ఆయన ఒక్కసారిగా మాట్లాడడం అత్తగారు కూడా ఎరగదు. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "మా పెద్దల్లుడు బంగారం. పైకి చెప్పడు గానీ మనసంతా మామగారి మీదే" అంటూ మొదటి కాఫీ అతనికే తెచ్చి ఇచ్చింది.

మనిషి ఎంత చిత్రమైనవాడంటే, ఆ కాఫీ సగం తాగేసరికి పెద్దల్లుడు కూడా నమ్మేశాడు. మామగారి వయసు తనకు ఎక్కడో మనసులో మెదిలే ఉంటుంది! లేకపోతే చెయ్యి ఆ పెట్టె వైపే ఎందుకు వెళ్ళింది? మిగతా సగం తాగేసి, పెద్ద మనసు చేసుకుని, బానెట్ దగ్గర చేతులు తుడుచుకుంటున్న చిన్నల్లుడి దగ్గరికి నడిచాడు.

"ఇంజిన్ కూడా పర్వాలేదు తమ్ముడూ."

చిన్నల్లుడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నయ్యా, ఒక్క మాట, ఏమీ అనుకోకండి. ఆ పెట్టె పైగేరు మీరు చూసుకోలేదు."

"ఏంటి?"

"బిగించే ముందు షాఫ్టు మీద సుద్దగీత పెట్టి, చేత్తో తిప్పి లెక్కపెట్టాను. చుట్టుకి చుట్టే. ఈ ఇంజిన్‌కి అది చాలదని అప్పుడే తెలిసింది."

"మరి వెనక్కి తేలేదేం?"

"మీ షెడ్డులో నలుగురి ముందు మీకు చిన్నతనంగా ఉంటుందని. రెండు రోజులు ఆలోచించాను. డాక్టరు మామయ్యకి స్పీడు వద్దన్నది గుర్తొచ్చింది. వెళ్ళి ఆయనతో చెప్పాను, అన్నయ్య మీ వయసు ఆలోచించి కావాలనే ఇది ఎంచారని. ఎంత సంతోషించారో! వదినకి కూడా చెప్పలేదు లెండి. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. మీ వయసొచ్చేసరికి నాకు ఇంకెన్ని జరుగుతాయో."

పెద్దల్లుడికి నలభై ఎనిమిదేళ్ళు.

నోరు తెరిచాడు. పొరపాటా! ఇరవై రెండేళ్ళ చేతికి పైగేరు తెలియకపోవడమా! 'తెలిసే ఇచ్చానురా, నువ్వు నవ్వులపాలు కావాలనే ఇచ్చాను' అని అరవాలనిపించింది. దుర్మార్గుడనిపించుకోవచ్చు గానీ పని రానివాడనిపించుకుని బతకడమెలా? కానీ అరుగు మీద అత్తగారు ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది, భార్య పదిహేనేళ్ళలో ఎన్నడూ చూడనంత మురిపెంగా తన వైపే చూస్తోంది. దొంగకి తేలు కుట్టినట్టయింది. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు.

చిన్నల్లుడి మొహంలో ఎగతాళి వెతికాడు. చుక్కైనా లేదు. ఉంటే హాయిగా ద్వేషించుకునేవాడు. తను అడుక్కోకుండా సంపాదించాననుకున్న మెప్పు వీడు పెట్టిన భిక్ష. చివరికి మంచితనంలోనూ వీడే ముందున్నాడు. ఇంతకాలం ఇంజిన్లకూ, మిక్సీకీ, "భేష్"కీ ఏడ్చాడు. ఇప్పుడు దీనికి కూడా ఏడవాలి.

హారన్ మోగింది.

"పెద్దల్లుడూ! రావయ్యా, నువ్వు నా పక్కన కూర్చో. చిన్నోడు వెనక కూర్చుంటాడు. పెద్ద వంతెన దాకా పోయొద్దాం."

వెళ్ళక తప్పలేదు. మామగారు ఉత్సాహంగా గేర్లు మార్చారు. ఇంజిన్ అరుపు అందుకుంది. తెలిసినవాళ్ళు కనబడినచోటల్లా ఆయన బండి నెమ్మది చేసి, తల బయట పెట్టి, "మా పెద్దల్లుడు ఎంచాడు, నా కోసం!" అని చెప్పారు. మందుల షాపాయనకు చెప్పారు, పోస్టుమాన్‌కు చెప్పారు, దారి అడగడానికి ఆగిన పరాయి మనిషికి కూడా చెప్పారు.

వెనక సీట్లోంచి చిన్నల్లుడు ముందుకు వంగాడు.

"గేర్‌బాక్స్ విషయంలో అన్నయ్య లెక్క తప్పదు మామయ్యా" అన్నాడు, నిజమైన ప్రేమతో.

పెద్దల్లుడు కిటికీలోంచి రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. వంతెన ఇంకా పది కిలోమీటర్లు ఉంది. బండి యాభై దాటదు.