ఏసుమణి ప్రార్థించిన దేశాలు

బేతంచెర్ల స్టేషనుకు అవతల, నాపరాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీల వెనక వీధిలో ఉంటుంది ప్రేమయ్య ఇల్లు. ఒక్కటే పెద్ద గది, అందులోనే ఒక మూలన పొయ్యి. నేలంతా పగిలిన రాతిముక్కలే. లారీకెక్కని ముక్కల్ని కావలసినవాళ్లు పట్టుకుపోవచ్చునంటే, ఫ్యాక్టరీలో కూలికి పోయే ఆయన భార్య ఏసుమణి వాటిని గంపలో తెచ్చి, ఒకదాని పక్కన ఒకటి పొందించి, తానే నేల పరిచింది. పసుపువి, బూడిదరంగువి, నల్లవి. ఏ రెండూ ఒక ఆకారంలో ఉండవు. ప్రేమయ్య కర్నూల్లో చరిత్ర బి.ఏ. చదివి, కాటా దగ్గర లారీల తూకం రాసే ఉద్యోగంలో కుదురుకున్నవాడు. సిమెంటు చేయిద్దామని ఒకసారి అన్నాడు.

"సిమెంటుకు యాడిదయ్యా ఈ అందం?" అని భార్య కొట్టిపారేసింది.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు స్తుతి సివిల్స్ చదువు ఆ నేలమీదే సాగింది.

ఆ ఇంట్లో రోజూ లైట్లు వేసేవేళ కుటుంబ ప్రార్థన. ప్రార్థించేది ఏసుమణి. చివర్లో ఆమెన్ అనడం ఒక్కటే ప్రేమయ్య వంతు. గొంతెత్తి ప్రార్థించడం ఆయనకు ఇంట్లోవాళ్ల ముందు కూడా చేతకాదు. స్తుతి హైదరాబాదు కోచింగు వదిలి ఇంటిదగ్గరే చదువుకోవడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక సాయంత్రం తల్లి చాప పరుస్తూ అడిగింది.

"పొద్దస్తమానం పేపరు చదువుతాండావు గదా మే, లోకంలో ఎవురికి కష్టమొచ్చిందో చెప్పు. దినామూ మన ముగ్గురి కోసరమే అడుగుతాంటే ఆ ప్రభువుకు గూడా విసుగే."

స్తుతి సూడాన్ యుద్ధం సంగతి చెప్పింది.

"యాడుండాదది?"

"ఆఫ్రికాలో మా."

"ఆఫ్రికాలో యాడ? నాకే తెలీకుంటే ఆయన్ని యాడికని పొమ్మనేది?"

స్తుతి నవ్వి నేల చూపించింది. పొయ్యి దగ్గరున్న పసుపు ముక్క ఈజిప్టు అంది. దాని కిందున్న పెద్ద బూడిదరంగు ముక్క సూడాన్. ఎడమపక్క నల్లది చాద్. అలా చెప్పుకుంటూ పోతే గడప దగ్గరికి ఆఫ్రికా అయిపోయింది. అక్కడ ఒక పెద్ద రాయికి మధ్యలో బొక్కపడితే ఏసుమణి అరచేతిలో పట్టేంత ముక్కను చెక్కి అతికించింది. అది లెసోతో. చుట్టూరా ఇంకొక దేశమే ఉన్న చిన్న దేశం.

"అయ్యో, సంటిబిడ్డ," అంది ఏసుమణి.

ఆనాటి నుంచి ఆమె కళ్లు మూసుకుని, అరచెయ్యి ఆ దేశపు రాయి మీద పెట్టి ప్రార్థించేది. "నైజరు వేరే, నైజీరియా వేరే అంట తండ్రీ, కలిపేసుకోవద్దు," అనేది. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో వల్ల ఆ ఏడు వానలు తగ్గవచ్చని స్తుతి చెప్పింది. ఆ పేరు పెరూ దేశపు జాలర్లు బాలయేసును తలుచుకుని పెట్టిందని కూడా చెప్పింది. ఆ సాయంత్రం ఏసుమణి, "తండ్రీ, నీ కుమారుని పేరు పెట్టుకోని ఎవురో మా వాన ఆపుతాండారంట. రవ్వంత విచారించు," అంది. ఆమెన్ అనవలసిన ప్రేమయ్య నవ్వాపుకోలేక దగ్గాడు.

ఒక్క నైలు నది దగ్గర మాత్రం తల్లీకూతుళ్లకు కుదరలేదు. సూడాన్ కిందుంది, ఈజిప్టు పైనుంది, నది కింద నుంచి పైకి పారుతుందంటే ఏసుమణి ఒప్పుకోదు. నేల కడిగితే నీళ్లు పొయ్యి దగ్గర నుంచి గడపకు పోవడమే ఆమె చూసింది.

"గడప కాడి నీళ్లు పొయ్యి కాడికి ఎట్లెక్కుతాయి మే? ఎవురో నీకు తిరగేసి చెప్పినారు."

నీళ్లు వచ్చేవైపే పైన అని ఆమె లెక్క. అందుకని రోజూ "పైనుండే సూడాన్‌ను జ్ఞాపకం చేసుకో తండ్రీ," అనేది. రోజూ ప్రార్థన మధ్యలో స్తుతి కళ్లు తెరవకుండానే "కింద మా," అనేది. "ఇదిగో, నీ బిడ్డ కిందంటాంది ప్రభువా. యాడుందో నీకు తెలుసు గదా," అని ఏసుమణి ముందుకు పోయేది.

"పుస్తకంలో నాలుగుసార్లు చదివినా పోయేది, అమ్మ ఒకసారి అడిగితే నిలబడతాది నాయనా," అని స్తుతి తండ్రితో అంది ఒకనాడు.

కిందటి వానాకాలంలో ఏసుమణి పోయింది. ఏళ్ల తరబడి పీల్చిన రాతిదుమ్ముకు ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు కర్నూలు పెద్దాసుపత్రిలో. చివరిరోజు ఒక నర్సు, డ్యూటీ అయిపోయాక కూడా ఇంటికి పోకుండా, ఏసుమణి పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. ఆమె పేరు అడగలేదు ప్రేమయ్య. ఆ చేతులు మాత్రం ఇప్పటికీ ఆయన కళ్ల ముందు మెదులుతాయి.

ఆ తరువాత ఆ ఇంట్లో లైట్లు వేసేవేళ చాప పరిచినవాళ్లు లేరు. ప్రేమయ్య రొట్టెలు చేయడం నేర్చుకున్నాడు. పక్కింటి విశ్వాసమ్మ చట్నీ తెచ్చినప్పుడల్లా పెనంలోకి తొంగిచూసి, "ఏమప్పా ప్రేమయ్యా, రొట్టె చేస్తాండావా, నాపరాయి కోస్తాండావా?" అనేది. ఆ మాటకు స్తుతి నవ్వేది. అందుకోసమే ఆమె వస్తున్నదని ప్రేమయ్యకు తెలుసు.

సివిల్స్ ప్రిలిమ్స్ పరీక్ష ఆదివారం, అనంతపురంలో. అంతకు ముందు శుక్రవారం మధ్యాహ్నం స్తుతి పుస్తకం మూసేసింది.

"నేను పోను నాయనా."

"ఏమ్మా?"

"ఏదీ నిలబడడంల్యా. పొద్దున చదివింది మాపటికి ఉండడంల్యా. మొన్న ప్రాక్టీసు పరీక్షలో ఆఫ్రికా అంతా తప్పే రాసినా. ఆఫ్రికా నాయనా! నేను!" ఆమె పుస్తకాన్ని పక్కకు తోసింది. "ఇదే ఆఖరుసారి అనుకున్న్యా. తప్పేదానికి అంతదూరం ఎందుకు పోవాల? డోన్‌లో స్కూలువాళ్లు టీచరుగా రమ్మంటాండారు. పోతా."

చరిత్ర చదివిన మనిషికి చెప్పడానికి ఎన్నో గుర్తొచ్చాయి. ఓడిపోయి మళ్లీ లేచిన రాజులు, కరువుల్లోంచి బయటపడ్డ ఊళ్లు. ఏదీ ఆ పిల్ల ముఖానికి సరిపోయేది కాదనిపించింది. "సరేలేమ్మా," అన్నాడు.

సాయంత్రం స్తుతి పొయ్యి మీద పప్పు పెట్టింది. ప్రేమయ్య లైటు వేశాడు. కాసేపు నిలబడి, మూలనున్న చాప తీసి పరిచాడు. దానిమీద పొయ్యివైపు తిరిగి కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా," అన్నాడు.

తరువాతి మాట రాలేదు. పొయ్యి దగ్గర గరిటె ఆగింది. ఆయన చెయ్యి చాచి నేలమీద పెట్టాడు. రాయి చల్లగా ఉంది.

"పైనుండే సూడాన్‌ను జ్ఞాపకం చేసుకో తండ్రీ."

ఆ మాట తన గొంతులో విని తానే ఉలిక్కిపడ్డాడు. అది ఏసుమణి మాట. ఇన్నాళ్లు వింటూ కూర్చున్నందుకు అది ఆయన నోట్లోనే ఉండిపోయింది. ఇక ముందుకు పోవడం ఎలాగో తెలియలేదు. కళ్లు తెరవడానికీ ధైర్యం లేదు.

చాలాసేపటికి పొయ్యి దగ్గర నుంచి సన్నగా వినిపించింది.

"కింద, నాయనా."

"కిందుండే సూడాన్‌ను," అన్నాడు ప్రేమయ్య.

"నువ్వు చెయ్యి పెట్టింది చాద్ మీద."

ఆయన చెయ్యి జరిపాడు. అదీ సరిగ్గా పడలేదేమో, స్తుతి వచ్చి ఎదురుగా కూర్చుని, తడిచేత్తో ఆయన మణికట్టు పట్టుకుని బూడిదరంగు రాయి మీద పెట్టింది. తన చెయ్యి వెంటనే తీయలేదు.

"ఖార్టూమ్ ఈడ," అంది. "రెండు నైళ్లు, తెల్లదీ నీలిదీ, కలిసేది ఈడనే. మన కర్నూల్లో హంద్రీ, తుంగభద్ర కలిసినట్టు, అనేది అమ్మ." చెయ్యి పక్క రాయి మీదికి జరిపింది. "ఈ పక్క ఇథియోపియా. ఎరిట్రియా విడిపోయినాక దీనికి సముద్రం లేకుండా పోయింది. వాళ్ల ఓడలకు దారియ్యి తండ్రీ, అనేది."

ఆమె ఏడుస్తూనే ఉంది. ఏడుపు కోసం ఆగలేదు. ఒక్కొక్క రాయికి చెయ్యి మారుస్తూ, చాప మీంచి దిగి మోకాళ్ల మీద గడపవైపు జరుగుతూ పోయింది. నైజరు వేరే, నైజీరియా వేరే. కాంగో, జాంబియా. తల్లి ఏ దేశానికి ఏమి అడిగిందో, ఎక్కడ పేరు తప్పు పలికిందో, అన్నీ వరసగా వచ్చాయి. ప్రేమయ్య ఆమె వెనకే జరుగుతూ విన్నాడు. గడప దగ్గర ఆ చిన్న ముక్క మీద ఒక్క వేలు పెట్టి ఆగింది స్తుతి.

"సంటిబిడ్డ," అంది.

ప్రేమయ్య ఆమెన్ అన్నాడు.

పప్పు అడుగంటింది. ఇద్దరూ దాన్నే కలుపుకుని తిన్నారు. తింటూ స్తుతి, తల ఎత్తకుండా, "రేపు మన రైలు ఎప్పుడు నాయనా?" అని అడిగింది.

శనివారం డోన్‌లో రైలు మారారు. అనంతపురం బండిలో ఒక పెద్దాయన స్తుతికి కిటికీ పక్క సీటు ఇచ్చి తాను తలుపు దగ్గరకు పోయి నిలబడ్డాడు. బయట ఎర్రనేలలు వానకోసం దున్ని ఉన్నాయి. గుత్తి దాటేసరికి స్తుతి కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాడు ప్రేమయ్య. చూస్తే పెదవులు కదులుతున్నాయి. ఒళ్లో సంచి మీద అరచెయ్యి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మెల్లగా జరుగుతోంది.

చదువుతున్నదో, ప్రార్థిస్తున్నదో ఆయనకు తెలియలేదు. దేశాలు ఇంకా చాలా ఉన్నట్టున్నాయి. ఆమెన్ అనడానికి ఆయన తొందరపడలేదు.