ఆదికిచ్చిన కుర్తా

సుభాషిణికి పామన్నా భయం లేదు, అత్తగారన్నా భయం లేదు. టేపంటేనే భయం. టైలరు మెడలో వేలాడే ఆ టేపు నడుము దగ్గరికొచ్చిందంటే చాలు, ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేది. ఎంతకని లాక్కుంటుంది పాపం! కొడుకు పుట్టాక పెరిగిన ఒళ్లు, వాడు ఇంటర్‌కొచ్చినా తగ్గలేదు. చీరకట్టు పుణ్యమా అని పైకి తెలియకుండా నెట్టుకొస్తోంది.

అలాంటి మనిషికి డ్రేప్ గౌను మీద మనసు పడింది. పెద్ద ఆడబిడ్డ సుకన్య కూతురు మానస పెళ్లి రిసెప్షన్‌కి వేసుకోవాలట. వరంగల్ మట్టెవాడలో వాళ్ల గల్లీ చివర తబస్సుమ్ కొత్తగా మిషన్ పెట్టింది. అందరిలా జాకెట్లు, ఫాల్సులు కుడుతూనే, డ్రేప్ గౌనుకి సొంతంగా డ్రాఫ్ట్ తయారుచేసుకుంటోంది. చీర కట్టినట్టే భుజం మీది నుంచి నడుము దాకా మడతలు జారాలి, కానీ మొత్తం ఒకటే గౌను, వెనక జిప్పు. ఏ మడత ఎక్కడ పట్టాలి, ఎంత వదలాలి అని పాత న్యూస్‌పేపర్లు అతికించి ఎర్ర పెన్సిల్‌తో గీసింది, చింపింది, మళ్లీ గీసింది. పాత దుప్పటి కోసి కుట్టి, తనే తొడుక్కుని అద్దం ముందు తిరిగి చూసుకుంది. "మొదటి గౌను నాదే కుట్టు," అని సుభాషిణి భరోసా ఇచ్చింది. ఇచ్చి, తన మంచితనానికి తనే తెగ మురిసిపోయింది కూడా.

"రాండ్రి అక్కా, కొలతలు తీస్త," అంది తబస్సుమ్ టేపు అందుకుని.

అంతే, సుభాషిణికి ముచ్చెమటలు పోశాయి. "టేపెందుకే? కొలతకు ఆది బట్ట ఇస్త," అని ఇంటికి పరిగెత్తి, చెల్లెలు యమున పరకాల నుంచి వచ్చినప్పుడు మరిచిపోయిన కుర్తా తెచ్చి చేతిలో పెట్టింది. యమునేమో పుల్లలా ఉంటుంది.

"ఇది మీదేనా అక్కా?"

"నాదే. అది గూడ జర లూజే అయితాంది," అంది. ఏం నోరండీ! పైగా రిసెప్షన్‌కి నెల టైముంది, రాత్రిపూట అన్నం మానేస్తే ఆ కుర్తాలో తనే పడుతుందని ధీమా. మానేసిందా అంటే, ఓ నాలుగు రోజులు మానేసింది. డ్రాఫ్ట్ గీయడం అవ్వగానే ఆ కుర్తా మాత్రం అడిగి తెచ్చేసుకుంది.

గౌను తయారయ్యాక తబస్సుమ్ ట్రయల్‌కి ఇంటికే తెచ్చింది. సుకన్య కూడా వచ్చి కూర్చుంది. ఇది నచ్చితే మానస రిసెప్షన్ గౌను తబస్సుమ్‌కే ఇస్తానంది మరి. పెళ్లికూతురి గౌను కుట్టిందంటే ఆ పిల్లకి వరంగల్ అంతా పేరొచ్చినట్టే. హ్యాంగర్ మీద ఆ మడతలు జారిన తీరు చూసి సుకన్యే "అబ్బ!" అంది.

తీరా తొడిగితే భుజాలెక్కింది గానీ నడుము దగ్గర ఆగిపోయింది. జిప్పు ఈ అంచుకీ ఆ అంచుకీ జానెడు ఎడం. తబస్సుమ్ లాగింది, సుకన్య లాగింది. ఎక్కడో కుట్టు పటుక్కుమంది.

"పేపర్ల మీద గీతలు గీస్తే టైలర్లయితరా?" అంది సుకన్య. "నేర్చుకునుడు మా మీద్నేనా పిల్లా? మంచిగున్న బట్ట ఖరాబు చేస్తివి. మానసది హన్మకొండల ఇస్తం తియ్యి."

తబస్సుమ్ ముఖం మాడిపోయింది. "తప్పు నాదే కావచ్చక్కా. మడతలకాడ లెక్క తప్పిన కావచ్చు. ఆ కుర్తా ఒక్కసారి ఇయ్యుండ్రి, గౌను మీద పెట్టి చూస్త."

ఒక్క మాట చెబితే అయిపోయేది. సుభాషిణి నోరు తెరిచింది కూడా. కానీ ఎదురుగా సుకన్య, ఒంటి మీద జిప్పు పట్టని గౌను. "ఇస్త్రీకేసిన," అంది.

తబస్సుమ్ గౌను సంచిలో పెట్టుకుని తల దించుకుని వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ మానలేని అన్నం ఆ రాత్రి సుభాషిణికి దానంతటదే సయించలేదు.

ఆ తర్వాత కూరగాయలకి వెళ్లాలన్నా చుట్టు తిరిగి వెళ్లింది. తబస్సుమ్‌కి ముఖం చూపించాలంటే సిగ్గు. ఒకరోజు తప్పక ఆ దారినే వెళ్తే, ఎదురొచ్చిన ఒకావిడ చేతిలో జాకెట్ పొట్లం కనబడింది. పొట్లం కాగితం మీద ఎర్ర పెన్సిల్ గీతలు. సుభాషిణి కాళ్లు ఆగిపోయాయి. కొట్లోకి వెళ్లి చూస్తే, తబస్సుమ్ డ్రాఫ్ట్ పేపర్లు కత్తిరించి పొట్లాలకి ముక్కలు చేస్తోంది.

"అయ్యో, అవెందుకే కోస్తానవ్?"

"ఏం జేసుకోను అక్కా? తప్పు యాడున్నదో మల్ల మల్ల గీసి చూసిన, దొరకలే. దొరికితే దిద్దుకుందును. దొరుకుతనే లేదంటే నాకు రాదన్నట్టే గద."

సుభాషిణికి తల కొట్టేసినట్టయింది. "తప్పు నీది కాదే," అంది. "ఆ కుర్తా నాది కాదు, మా యమునది. టేపు పెడితే నా లావు బయటపడతదని సిగ్గయి, అబద్ధమాడిన."

తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది.

"అయితే నా డ్రాఫ్ట్ కరెక్టేనా అక్కా?"

"కరెక్టే."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా విప్పారింది. అది చూసి సుభాషిణికి ఇంకా సిగ్గేసింది. అంతలోనే తబస్సుమ్ కోసిన ముక్కల వైపు చూసి మళ్లీ చిన్నబోయింది. "నాకు చెప్తే ఏమొస్తదక్కా? నాకు పని రాదని మీ వదినె అందరికి చెప్పె. ఆమెకు చెప్పుండ్రి."

సుభాషిణి ఫోను తీసి స్పీకర్ పెట్టింది. "వదినె, గౌను కాడ తప్పు తబస్సుమ్‌ది కాదు. నా లావు దాచిపెట్టాలని మా చెల్లె కుర్తా ఆదికిచ్చిన."

అవతలి నుంచి పగలబడి నవ్వు. "ఓ మానసా, ఇటు రావే! మీ అత్తమ్మ యమున కుర్తా ఆదికిచ్చిందట! ఆ నడుముకు యమున కుర్తానట!" పెళ్లింట్లో జనమాయె, ఇంకో నలుగురి నవ్వులు వచ్చి కలిశాయి.

సుభాషిణికి చెవులు కాలిపోయాయి. ఫోను పెట్టేద్దామని వేలు లేచింది. ఎదురుగా తబస్సుమ్ ఆ నవ్వులన్నీ శ్రద్ధగా వింటోంది. సుభాషిణి ఫోను పెట్టలేదు.

"నవ్వినంతసేపు నవ్వుండ్రి వదినె," అంది. "అయినంక చెప్పు, మానసను ఈడికి కొలతలకు ఎప్పుడు తోలుతవు?"