కాగితం వెనక వైపు

ఉతకడానికి తీసిన నీలం కోటు జేబులో ఆ కాగితం దొరికింది. అది మా మనవరాలు బడిలో వేసుకునే కోటు. జేబుల్లో ఎప్పుడూ రాగి తీగ ముక్కలే ఉంటాయి, అందుకని తడిపే ముందు తడిమి చూస్తాను. ఆ రోజు నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతికి తగిలింది.

"ఈ రోజు నుంచి నేను ఈ బడికి రాను. నన్నెవరూ వెళ్లగొట్టలేదు. నేనే మానేస్తున్నాను."

కింద దాని సంతకం. కోటు బకెట్టు పక్కనే పడేశాను.

పన్నెండేళ్ల కిందట దాని తల్లి, అంటే నా కూతురు, ఇలాంటి కాగితమే పొయ్యి గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. కరెంటు బిల్లనుకుని తీసుకెళ్లి బిల్లుల తీగకు గుచ్చాను. మూడో రోజు కాజాలు కుట్టడానికి చొక్కాలు తెచ్చిన టైలరు అది చూసి, చదివి, నాకు వినిపించాడు. మొదటి రోజే చదవగలిగి ఉంటే రైలు స్టేషను దాకా పరిగెత్తేదాన్ని. ఆ తర్వాత టైలరు ప్రాణం తోడేసి, చొక్కాలు చుట్టి వచ్చే పాత పేపర్ల మీద చదవడం నేర్చుకున్నాను. రాయడం మాత్రం సంతకం దగ్గరే ఆగిపోయింది.

ఈసారి చదవగలిగాను. కాబట్టి పరిగెత్తాను.

ఆ బడి బస్సు డిపో వెనక, పాత గిడ్డంగిలో ఉంది. మధ్యలో చదువు ఆగిపోయినవాళ్ల కోసం, ఆగిపోయేలా ఉన్నవాళ్ల కోసం పెట్టారు. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం పని. మా పిల్ల మోటారు వైండింగు, అంటే మోటార్లకు రాగి తీగ చుట్టే పని, నేర్చుకుంటోంది. సోమవారం నుంచి పరీక్షలు. అవి గట్టెక్కితే పదో తరగతి పాసైనట్టు, చేతికి పని వచ్చినట్టు రెండు సర్టిఫికెట్లూ ఒకేసారి ఇస్తారు. ఉన్నవి ముప్పై సీట్లు. బయట పదకొండు మంది కాచుకుని కూర్చున్నారు. మళ్లీ ఇంకో బడి దానికి దొరకదు. ముందు చదివిన పెద్ద బడిలో హాజరు చాలక పేరు తీసేశారు. అప్పట్లో దానికి మాటిమాటికీ జ్వరం వచ్చేది. థర్మామీటరులో కనిపించకపోయినా నాకు తెలిసేది.

ఆఫీసు గదిలో గుమస్తా ఒక్కడే ఉన్నాడు. కాగితం బల్ల మీద పెట్టాను.

"పిట్ట అంటారే, వైండింగు పిల్ల, దాని అమ్మమ్మని. ఇది చూడు నాయనా..."

ఆయాసంతో మాట ఆగింది. అతను కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఠప్పున ముద్ర కొట్టాడు. తేదీ వేసి, మూడూ పది అని టైము కూడా రాశాడు.

"అయిపోయింది మామ్మగారూ. సీటు ఖాళీ అయినట్టే."

"ఏమైపోయింది? ఇదేంటో అడుగుదామని వచ్చాను!"

"అడగాల్సింది ముద్రకి ముందు కదండీ."

"నన్ను అడగనిచ్చావా? నీ చెయ్యి నా నోటికంటే ముందుందే!"

"మానేసే ఉత్తరం పెద్దవాళ్లు తెచ్చిస్తే తీసుకుని ముద్ర వెయ్యడమే నా పనండీ. వెనక కారణం కూడా రాసుంది, అంతా సరిగ్గానే ఉంది."

వెనక. నేను కాగితం తిప్పి చూడనేలేదు. ముందు వైపు మూడు మాటలకే నా ప్రాణం పోయింది.

నా కేకలకు పక్క గదిలోంచి టీచరమ్మ వచ్చింది. ఆమె వెనకే మా పిల్ల. చేతిలో సగం చుట్టిన కాయిలు, వేళ్ల నిండా తీగ గీతలు. అది బడిలోనే ఉంది! మానెయ్యలేదు. ఉన్న పిల్లను నేనే వచ్చి తీసేశాను.

"అమ్మమ్మా! అది నీకెక్కడ దొరికింది? ఇటివ్వు."

అది అందుకునే లోపు నేను కాగితం తిప్పాను. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ పైకే చదివాను. మనసులో చదువుకోవడం నాకు రాదు.

"మా అమ్మమ్మ కోసం మానేస్తున్నాను. నేను బయటికెళ్తే ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నేను వచ్చేదాకా మంచినీళ్లు కూడా తాగదు. పాత బడిలో నాకు ఎప్పుడూ జ్వరం రాలేదు. జ్వరం ఆమెకొచ్చేది, సెలవు నాకు పెట్టేది."

గుమస్తా ముద్ర డబ్బా మూత వెతుక్కోసాగాడు. అది అతని ఎదురుగానే ఉంది.

"ఎప్పుడు రాశావే ఇది?"

"చేరిన రోజు," అంది నేల చూస్తూ.

"ఇక్కడ చేరిన రోజే అందరిచేతా మానేసే ఉత్తరం రాయిస్తామమ్మా," అంది టీచరమ్మ. "మానేసే రోజు రాయమంటే కోపంలో ఏదో రాస్తారు. మొదటి రోజైతే అసలు కారణం బయటికొస్తుంది. ఏడాది నిలబడ్డవాళ్లకి వెనక్కిచ్చేస్తాం. నిన్న ఇచ్చాం, అందరూ చించి పారేశారు."

"మరి నువ్వెందుకు చించలేదే?"

"అది ఇంకా నిజమే కాబట్టి."

పన్నెండేళ్లుగా నన్ను వదిలి వెళ్లిపోయినవాళ్లనే లెక్కపెట్టుకున్నాను. ఎవరినైనా నేను వెళ్లనివ్వలేదేమోనని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ పిల్ల ముఖం చూడలేక దాని చేతిలోని కాయిలు చూశాను. చుట్టు మీద చుట్టు, ఒక్కటీ తప్పలేదు.

"ఈ ముద్ర తీసెయ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది."

"తుడిస్తే పోయే ముద్ర కాదండీ. మీరిచ్చారు, మీరే వెనక్కి తీసుకోవాలి, మీ చేత్తో రాసి. నాలుగింటికి రిజిస్టరు పై ఆఫీసుకి వెళ్లిపోతుంది."

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

"నేను రాస్తా, నువ్వు సంతకం పెట్టమ్మమ్మా," అంది మా పిల్ల.

"నీ రాత నాకు తెలుసులే పిట్టా, ఆమే రాయాలి," అన్నాడు గుమస్తా. తన పెన్ను తీసి నా ముందు పెట్టాడు.

నాకు తెలిసినవి పేపర్లో అక్షరాలే. వాటినే తలుచుకుంటూ గీశాను. ఒక్కొక్కటీ హెడ్డింగంత వచ్చింది. "మా మనవరాలు బడికి వస్తుంది" అని రాసేసరికి సగం కాగితం నిండింది. చెమటకు పెన్ను జారిపోతోంది.

"ఎవరు పంపిస్తారో కూడా రాయాలండీ," అన్నాడు గుమస్తా, ఈసారి నెమ్మదిగా.

"అదెక్కడికి పోతుందయ్యా, వస్తుందని రాశాగా!"

"రూలండీ."

"నేను" అని రాశాను. తర్వాతి మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ మాటలో అక్షరాలన్నీ నాకు వచ్చు. మా పిల్ల సాయం చెయ్యలేదు. పక్కన నిలబడి చూస్తోంది, అంతే. గడియారం ముల్లు కదలడం వినిపిస్తోంది.

"పంపిస్తాను" అని రాశాను.

నాలుగింటికి ఆరు నిమిషాలుండగా దాని మీద కూడా ముద్ర పడింది.

"ఐదున్నరకి వస్తా," అంది పిల్ల, మళ్లీ పనిగదిలోకి వెళ్తూ. "గుమ్మంలో కూర్చోకు."

"కాజాలకి వెలుతురు వద్దూ?"

"కిటికీ ఉందిగా."

ఇంటికొచ్చి కుర్చీ కిటికీ దగ్గరికి జరిపాను. అక్కణ్ణుంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనబడదు. రెండు చొక్కాలకి కాజాలు కుట్టాను, ఒకటి వంకరగా వచ్చింది. ఐదింటికి లేచి గ్లాసుడు నీళ్లు ముంచుకున్నాను. గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. అయినా మొత్తం తాగాను.