తల్లి క్లాసు చెప్పిన దూరం

కల్లూరు ఆఫీసులో శివలీల అన్నం డబ్బా మూత తీసి, ముద్ద కలుపుకొని, అలవాటుగా స్క్రీన్ వైపు చూసింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కడప వైపు ముగ్గురాయి గనిలో కొత్త గుంతకు ఈరోజే తొలి పేలుడు. ఎంత దూరం దాకా సైరన్లు మోగాలో శివలీల వాళ్ల కంపెనీ ప్రోగ్రామే చెబుతుంది. అక్కడ బండ గట్టిది, రాళ్లు ఎగిరొస్తాయని శివలీల అయిదొందల మీటర్లు పెట్టింది. స్క్రీన్ మీద మాత్రం మూడొందలని ఉంది. ఆ మూడొందల లోపలి సైరన్లు అప్పుడే మొదలయ్యాయి.

తప్పెక్కడో వెంటనే తెలిసిపోయింది. సైరన్ మోగించే పద్ధతంతా మేనేజరు భూపేష్ రాసిన తల్లి క్లాసులో, అంటే అన్ని గనులకూ ఉమ్మడిగా వాడే కోడులో ఉంది. కొత్త గుంత దానికి పిల్ల క్లాసు, దాని దూరం దానికి విడిగా ఉంటుంది. ఆయనక్కడ ‘సెల్ఫ్’ అని రాశాడు. అంటే పిలిచింది పిల్లయినా తల్లి దూరం, ఆ మూడొందలే పడుతుంది, అత్తారింట్లో వండుతూ పుట్టింటి లెక్కకే కారం వేసినట్టు. ‘స్టాటిక్’ అని ఉంటే ఎవరు పిలిస్తే వాళ్ల దూరం పడేది. ఆ ఫైలేమో ఆయనకు దేవుడి గది. అడగకుండా ఎవరూ గడప దాటకూడదు.

పేలుడు పెట్టేవాళ్ల దగ్గర ఫోన్లుండవు, మందు దగ్గర నిషేధం. భూపేష్‌కు చేస్తే ఎత్తలేదు. గుంతకు నాలుగొందల మీటర్ల దూరంలో ఉన్న రాళ్లేరే షెడ్డు మేస్త్రి గంగాదేవి ఎత్తింది.

"అక్కా, మొన్న దూరం కొలవడానికొచ్చిన శివలీలను. అందర్నీ తీసుకొని పరిగెత్తు, పేలుడు!"

"మాకాడ సైరన్ మోగల్యా కదమ్మా. మోగకుండా పని ఇడిస్తే కూలి కోస్తారు."

ఇక వాదించడానికి టైమెక్కడిది? దేవుడి గదైతే కానీ, చెప్పులతోనే పోతానని శివలీల ఆ ఒక్క మాట మార్చి సర్వర్లోకి ఎక్కించింది. ప్రోగ్రాం మళ్లీ లెక్క చూసుకునేదాకా ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకుండా కూర్చుంది.

ఫోన్లో సైరన్ మోగింది. "లెయ్యండే, ఉరకండి!" గంగాదేవి అరుపు, అడుగుల చప్పుడు, ఢామ్మని పేలుడు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

"అక్కా! అక్కా!"

"ఉండామమ్మా. అందరం ఉండాం."

శివలీల ఏడ్చేసింది. అంతలో, ఫైలు మారిందన్న మెసేజ్ చూసి భూపేష్ ఫోన్ చేశాడు.

"ఎవర్నడిగి ముట్టుకున్నావ్ ఆ ఫైలు?"

ఆమెకు ఒళ్లు మండింది. రెండు ఫోన్లూ కలిపేసింది. "నన్ను తర్వాత తిట్టండి సార్. ముందీ అక్కతో మాట్లాడండి."

గంగాదేవి ఇంకా రొప్పుతోంది. "సార్, రేకులన్నీ తూట్లు పడినాయి. నేను కూచునే పీట మీద ఇంత రాయి ఉండాది."

భూపేష్ చిన్న గొంతుతో అడిగాడు. "మిగతా గనుల్లో ఇన్నాళ్లూ సైరన్ ఏ దూరానికి మోగింది శివలీలా?"

"మీరు రాసిన ఆ మూడొందలకే సార్."